చూద్దాం గారి దీపం

నాకు చెవులు వినపడవు. కాస్తో కూస్తో కాదు, పూర్తిగా. ఒక వయసంతా నూలు మిల్లులో నిలబడితే చివరికి చేతికొచ్చేది అదే. ఆ రొదలో పక్కమనిషి మాట వినపడదు గనుక అక్కడి ఆడవాళ్లమంతా పెదవులు చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. చెవులు తీసుకున్న మిల్లే ఆ విద్య కూడా ఇచ్చింది. దొడ్డ మనసు దానిది.

అయితే పెదవులతో ఒక చిక్కుంది. ప అన్నా, బ అన్నా, మ అన్నా నోరు ఒకేలా మూతపడుతుంది. మంట, పంట నా కళ్లకు ఒకటే. మిగతాది ఎదుటివాళ్ల ముఖం చూసి, సందర్భం చూసి పోల్చుకోవాలి. ఇన్నేళ్లూ పోల్చుకుంటూనే నెట్టుకొచ్చాను.

నేనుండేది మూడంతస్తుల ఇంట్లో కింది వాటా. పక్క వాటాలో కండక్టరు గారుంటారు. రోజూ ఊళ్లు తిరిగిన మనిషి, ఇప్పుడు కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీకి అతుక్కుపోయారు. పొద్దున సాయానికి మనిషి వస్తేగాని మంచం దిగలేరు. నాకన్నా పెద్దవారే, అయినా నన్ను అక్కయ్యా అంటారు. అదేమిటని ఒకసారి అడిగాను.

"బస్సులో అలవాటు. అమ్మా అంటే కొందరికి కోపం. అక్కయ్యా అంటే ఎవరైనా చిల్లర తీసిస్తారు" అన్నారు.

ఆయన నోరారా మాట్లాడతారు. ఆయన మాటలు చదవడం నాకు పెద్దక్షరాల వాచకం చదివినంత తేలిక.

మా ఇంటి ఓనరుకు ఓ పేరుంది గానీ, మేమిద్దరం చూద్దాం గారు అనే అంటాం. కండక్టరు గారు గుమ్మం మెట్ల పక్కన కుర్చీ దిగేలా వాలుగా సిమెంటు పోయించమని అడిగితే "చూద్దాం" అన్నాడు. ఇంట్లో మంట లేస్తే మోగే సైరను నాకు వినపడదు, దాంతో పాటు వెలిగి ఆరుతుండే దీపం ఒకటి నా మంచం పక్కన పెట్టించమని నేనడిగితే "చూద్దాం" అన్నాడు. కోప్పడడు, కసురుకోడు. నవ్వుతూనే అంటాడు. ఆ మాటకు ఆయన పెదవులు సున్నాలా చుట్టుకుని ముందుకొస్తాయి. నిద్రలో లేపి చూపించినా గుర్తుపడతాను.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం పైవాటాలో పొయ్యి మీద నూనె అంటుకుంది. సైరను మోగిందట. ఇల్లంతా వీధిలోకి పరిగెత్తింది. నేను కునుకు తీస్తున్నాను. మెలకువ వచ్చి కిటికీ తీస్తే జనమంతా రోడ్డు మీద నిలబడి మా ఇంటికేసే చూస్తున్నారు. వీళ్లకేం పనీపాటా లేదా అనుకున్నాను. తలుపు తీస్తే పొగ. కండక్టరు గారు మెట్ల అంచున కుర్చీలో కూర్చుని నోరంతా తెరిచి అరుస్తున్నారు. వీధి వైపు తిరిగి, తనను దింపమని కాదు. నా తలుపు వైపు తిరిగి, "అక్కయ్యా" అని. ఎంతసేపటి నుంచి అరుస్తున్నారో మరి, మెడ నరాలు ఉబ్బిపోయాయి. మంట ఆరింది, ఎవరికీ ఏమీ కాలేదు. నేను మాత్రం ఆ నోరు మర్చిపోలేదు.

మర్నాడే మేం తాడు వేసుకున్నాం. మా మంచాల మధ్య ఉన్నది ఒక్క గోడ. అందులో పాత నీళ్ల గొట్టం పీకేస్తే మిగిలిన కంత ఉంది. నూలు పేటలు పేని గట్టి తాడు చేసి అందులోంచి దూర్చాను. ఒక కొస ఆయన మంచం కోడుకి, ఒక కొస పడుకునేముందు నా మణికట్టుకి. అంతకుముందు ఫోను దిండు కింద పెట్టుకుని చూశాను. అది బుర్రుమని వణికినా నాకు మెలకువ రాలేదు. తాడు అలా కాదు, చెయ్యి పట్టుకుని లేపుతుంది.

ఆయనకు చెవులున్నాయి, నాకు కాళ్లున్నాయి. సైరను మోగితే ఆయన లాగాలి, నేను లేచి వెళ్లి ఆయన్ని కుర్చీలోకి దించి, మెట్ల మీంచి వెనక్కి లాక్కుపోవాలి. ఒకసారి సాధన కూడా చేశాం. ఆయన వచ్చి నా మీద పడ్డారు. ఇద్దరం నేల మీద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాం.

తాడు భాష బస్సు భాషే. ఒకటి లాగితే హోల్డాన్. రెండు లాగితే రైట్ రైట్. ఆపకుండా లాగితే మంట. మంట ఎప్పుడూ రాలేదు గానీ, రోజూ తెల్లారగానే రెండు గుంజులు వచ్చేవి. నేనూ తిరిగి రెండు లాగేదాన్ని. ఆయన బతికున్నారు, నేనూ బతికున్నాను, ఇక బండి కదలొచ్చు. మా ఆయన పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రోజు మొత్తంలో నన్ను తాకే మనిషి చెయ్యి ఏదైనా ఉందంటే అది ఆ తాడు చివర ఉన్నదే. సిగ్గెందుకు, ఆ రెండు గుంజుల కోసమే రాత్రి తొందరగా పడుకునేదాన్ని.

ఈమధ్య చూద్దాం గారు ఇంటికి రంగులు వేయిస్తానని గదులు చూడడానికి వచ్చాడు. నేను మళ్లీ దీపం సంగతి ఎత్తాను. ఆయన నా మంచం పక్క గోడనే చూస్తున్నాడు. వంగి మరీ చూశాడు. తర్వాత నావైపు తిరిగి ఒక మాట అన్నాడు. పెదవులు సున్నా చుట్టలేదు. గట్టిగా మూతపడి, పక్కలకు సాగి తెరుచుకున్నాయి. పెట్టిద్దాం!

నా చెవులు పోయాక అంత తియ్యటి మాట చూడలేదు. ఆయన అటు వెళ్లగానే పక్క వాటాకి పరిగెత్తాను.

"పెట్టిద్దాం అన్నాడా? చూద్దాం గారే?" కండక్టరు గారు నమ్మలేదు. "సరిగ్గా చూశావా అక్కయ్యా? తుమ్మాడేమో!"

"నా కళ్లతో చూశాను. దీపం ఎక్కడ పెట్టాలో గోడ కూడా చూసుకున్నాడు."

"అయితే పేరు మార్చాలి. పెట్టిద్దాం గారు" అన్నారు, కుర్చీ చేతిని రెండుసార్లు తట్టి.

ఆ వారంలోనే తాపీమేస్త్రీ వచ్చాడు. కండక్టరు గారు ఆ పూట ఆసుపత్రికి వెళ్లారు. ముందు తాపీమేస్త్రీ ఎందుకా అనుకున్నాను. తీగ వేయడానికి గోడ చెక్కాలి కదా అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. మంచం నేనే జరిపాను. తాడు మాసిపోతుందని, నా దగ్గరుండే తాళంచెవితో పక్క వాటా తీసి కోడుకి ముడి విప్పి, కంతలోంచి నేనే లాగి ఉండ చుట్టి కొంగున దోపుకున్నాను. అతనికి టీ పెడదామని వంటగదిలోకి వెళ్లాను.

టీ గ్లాసుతో వచ్చేసరికి కంత లేదు. ఇటుక ముక్కలు కుక్కి, పైన సిమెంటు పూసి నున్నగా చేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా? దీపం కదా!"

అతను తిరిగి చూసి చెప్పాడు. నాకు "ఓనరు గారు పెట్టమన్నారమ్మా" అని కనపడింది.

"ఏం పెట్టమన్నారు?"

అదే మాట మళ్లీ అన్నాడు. నేను తెల్లముఖం వేశాను. అప్పుడతను తాపీ ఎత్తి దాని మీది సిమెంటు చూపించి, గోడకి రాసినట్టు గాల్లో చెయ్యి ఆడించాడు.

మెత్తమన్నారు. పెట్టమన్నారు కాదు, మెత్తమన్నారు. ఆ రోజు ఓనరు అన్నది కూడా మెత్తిద్దాం. త, ట నాలుక లోపల చేసుకునే పని, పెదవులకేం తెలుసు? గ్లాసు అక్కడే పెట్టేసి, చెప్పులు వేసుకుని ఓనరు కొట్టుకి వెళ్లాను.

ఏం మాట్లాడానో, ఎంత గట్టిగా మాట్లాడానో నాకు తెలియదు. కొట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఓనరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన ఫోనులో రాసి చూపించాడు. "పక్క గదిలో మంట లేస్తే ఆ కంతలోంచి పొగ మీ మీదకి వస్తుందమ్మా. మీ క్షేమం కోసమే మూయించాను." ఇన్నేళ్లలో మా క్షేమం కోసం ఆయన చేసిన పని అదొక్కటి.

"మరి దీపం? పోనీ కంతైనా తెరిపించండి బాబూ. పక్కాయన నన్నెలా లేపుతాడు?"

పెదవులు సున్నా చుట్టుకుని ముందుకొచ్చాయి. ఈసారి పొరపాటు పడలేదు.

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ వెళ్లిపోయాడు. అట్లకాడ కొసతో గీకాను, పెచ్చు కూడా రాలేదు. పని మాత్రం బాగా చేశాడు.

సాయంత్రం కండక్టరు గారికి అంతా చెప్పాను. నేనే తాడు లాగి ఇచ్చానని కూడా చెప్పాను. ఆయన కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని అరచేత్తో తడిమి చూశారు.

"ఏడవకు అక్కయ్యా. మంచం గోడకి ఆనించుకో. అరచెయ్యి గోడ మీద పెట్టి పడుకో. నేను ఇటునుంచి కొడతాను, అదురు తెలుస్తుంది."

అలాగే పడుకున్నాను. గోడ చల్లగా ఉంది. అరచెయ్యి ఆనించి కాచుకుని ఉన్నాను. ఒక దశలో ఏదో అదిరినట్టనిపించింది, అది నా నాడే. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి తెల్లారిపోయింది, చెయ్యి గోడ మీంచి జారి పొట్ట మీద ఉంది.

సాయానికొచ్చే మనిషి వెళ్లిపోయాక పక్క వాటాకి వెళ్లాను. కండక్టరు గారు కుర్చీలో కూర్చుని నాకోసమే చూస్తున్నారు.

"వినపడిందా అక్కయ్యా?"

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడగని మనిషి ఆయనొక్కరే. అడిగాక ఆయనకే తెలిసొచ్చి తల దించుకున్నారు. నాకు ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

"తెలిసింది" అన్నాను. "పొద్దున్నే రెండు కొట్టారు. రైట్ రైట్."

ఆయన కుడిచెయ్యి దుప్పటి కిందికి జరుపుకున్నారు. అప్పటికే చూశాను. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయి, నెత్తురు ఎండి నల్లబడి ఉంది. రెండు కొడితే ఎవరి చెయ్యీ అలా అవదు. నేను లేస్తానేమోనని రాత్రంతా కొట్టారు. ఆపకుండా కొట్టారు.

"అవును" అన్నారు, నోరు పూర్తిగా తెరిచి, నాకు బాగా కనపడేలా. "రెండే కొట్టాను."