గుట్టవాడకు ఆరింటి నీళ్లు

చాట అనుకున్నాడు, చార్టు అంటే చాట అనుకున్నాడు మొండయ్య, డ్యూటీ చార్టు తయారు చేయాలె రేపు పొద్దున రమ్మని కబురు పంపితే నిజంగానే వెదురు చాట చంకన పెట్టుకుని మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కాడు, ఏం సార్, బియ్యం చెరుగుడున్నదా అన్నాడు, హాలంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, చెరగాల్సింది బియ్యం కాదు మొండయ్యా నీ అలవాట్లు అన్నాను, బాగా పేలింది, టైపిస్టు నిర్మలాదేవి కూడా మిషన్ ఆపి నవ్వింది, అది మొన్నటి నెల, ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, ఎదురుగా కౌన్సిల్ మీటింగ్ నడుస్తోంది, ఎజెండాలో మూడో అంశం, ఎజెండా అన్నారు గానీ జెండా ఒక్కటే తక్కువ, అంత లొల్లిగా ఉంది, పదేళ్లు దాటిన రోజుకూలీలను పర్మనెంటు చేయడానికి నాలుగు పేర్ల జాబితా, ఆ జాబితా సాయంత్రం బస్సులో హైదరాబాదు పోవాలి, మొదటి పేరు మొండయ్యది, నీళ్ల వాల్వులు తిప్పే మొండయ్య, పద్నాలుగేళ్ల కూలీ, ఈ జాబితా పోతే మళ్లీ జాబితా ఎప్పుడో ఆ సచివాలయానికే తెలియదు, ఆయన తలుపు పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో వాల్వు చావి, భుజమెత్తు ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి, దాన్ని ఎక్కడికి పోయినా వదలడు, పెళ్లికి పోయినా తెస్తాడేమో.

బుచ్చిరాములు బల్ల గుద్దుతున్నాడు, గుట్టవాడ కౌన్సిలరు, గుద్దితే నా టీ గ్లాసు ఎగురుతోంది, మూడు దినాలాయె సార్ మా గుట్టవాడ నల్లాల్ల చుక్క లేదు, ఉత్త గాలి, బుస్సుమంటున్నయి, గిసొంటోన్ని పర్మనెంటు జేస్తరా, ఇంటికి పంపుండ్రి, పంపుండ్రి అన్నాడు, పంపు కదా మరి, పంపు పని చేస్తే నీళ్లు పంపుతుంది లేకుంటే మనిషిని పంపుతారు, నాలుక మీదికి వచ్చేసింది, మింగాను, కమిషనర్ గారి ముఖం చూసి మింగాను, కుర్రవాడు, ముప్పై కూడా లేవు, కమీషన్ ముట్టని కమిషనర్ అని మొదటి రోజే పేరు పెట్టాను, వచ్చిన వారంలోనే నన్ను పిలిచి, మధుసూదన్‌రావు గారూ మీరు మేనేజరు, ఆఫీసు అలవాట్లు మీరే మార్చాలి, తిట్టకుండా మార్చాలి అన్నాడు, తిట్టడం నాకెప్పుడొచ్చింది, నాకొచ్చింది నవ్వించడమే, పదకొండున్నరకు వచ్చే గుమాస్తాను పదకొండో అవతారం అన్నాను, వారంలో పదిన్నరకు రాసాగాడు, ఫైళ్లు ఇంటికి పట్టుకుపోయేవాణ్ణి ఫైలుమాన్ అన్నాను, రెండో రోజే ఫైళ్లన్నీ బీరువాలోకొచ్చాయి, తొమ్మిది నెలల్లో ఆఫీసు ఆఫీసులా అయింది, మెమో ఒక్కటి రాయలేదు, నవ్వుతోనే పని జరిగింది, ఒక్క వాల్వుల పనే మిగిలింది, ఎందుకంటే అది ఆఫీసులో లేదు, మొండయ్య బుర్రలో ఉంది.

గుట్టవాడ ఆడవాళ్లే అర్జీ పెట్టారు, ఒకనాడు అయిదింటికి నీళ్లు, ఒకనాడు ఎనిమిదింటికి, బీడీల పనికి పోవాల్నా నల్లా ముంగట కూసోవాల్నా, ఒక టైం పెట్టుండ్రి అని, న్యాయమే కదా, అందుకే మొండయ్యను స్టూలు మీద కూచోబెట్టి అడిగాను, ఏ వాడకు ఎన్నింటికి విడుస్తావు, నీళ్లు విడిచేవాడు నీళ్లు నమిలాడు, టైమేంది సార్, నీళ్లుంటె ఇడుస్త అన్నాడు, అట్ల కాదు, గంట చెప్పు అన్నాను, గోడ గడియారం వైపు చూశాడు, పాపం దాన్నే అడుగుతున్నట్టు, ఆరు అనుకోరాదుండ్రి అన్నాడు, అనుకున్నాను, రాసుకున్నాను, రేకు బోర్డు మీద పచ్చ రంగు వేయించి నల్ల అక్షరాలతో గుట్టవాడ ఆరు నుంచి ఆరు నలభై, బజారు ఆరు నలభై నుంచి, వరసగా పెయింటు చేయించి ఊరి నీళ్ల టంకీ కింద కట్టించాను, కమిషనర్ గారు ఫోటో తీయించారు, ఫోటోలో నేను బోర్డు పక్కన, మొండయ్య లేడు, ఎందుకు లేడు, ఆ పొద్దు ఎక్కడో పైపు పగిలి అటు పోయాడు.

తెలుగులో తాళానికి చెవి ఉంది, తాళంచెవి అంటాం, ఇతనిది తిరగేసిన కథ, చెవికే తాళం ఉంది, ఒకసారి కళ్లారా చూశాను, చెరువు కట్ట కింద వాల్వు గుంతలో చావి ఒక కొస ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు, నాడి చూసే వైద్యుడిలా, ఏం వినిపిస్తోందయ్యా అంటే, టంకి సగమున్నది సార్, పల్చగ మోగుతున్నది, నిండితె మొద్దుగ మోగుతది, జరసేపు ఆగాలె అని బీడీ ముట్టించాడు, నిండినాక మొదట గుట్టవాడకు విడిచాడు, ఎత్తు మీద ఉన్నోళ్లకు నిండు టంకీ బలం కావాలె, పల్లం బజారుకు సగమైనా చాలు అన్నాడు, నేను విన్నాను, విని ఏం చేశాను, వాల్వుకు విలువ తెలిసిన మనిషివి అని ఒక మాట విసిరి సైకిలెక్కి వచ్చేశాను, అంతే, అదేదీ బోర్డు మీదికి రాలేదు, బోర్డు మీద గంటలు పడతాయి, మోత పట్టదు, మూడు రోజుల నుంచి తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరుదాకా కరెంటు తీస్తున్నారు, మోటారు నడవదు, ఆరింటికి టంకీ సగం, సగం నీళ్లు గుట్ట ఎక్కవు.

వాకిట్లోంచి యాదవ్వ గొంతు, గుట్టవాడ యాదవ్వ, పొద్దున్నుంచీ రెండు ఖాళీ బిందెలతో వరండాలో కూచుంది, కోడలు బాలింతట, పసిగుడ్డకు వారం రోజులు, మొండయ్యనే అంటోంది, ఏమయ్య మొండయ్య, పద్నాలుగేండ్లు ఇడిసిన నీళ్లు గిప్పుడు ఎవలకు అమ్ముకున్నవ్, నా కోడలి బట్టలు నీ గడ్డం మీద పిండుకోవాల్నా, బుచ్చిరాములు వెంట వచ్చినవాళ్లు నవ్వారు, మొండయ్య తల ఎత్తలేదు, చావిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు, కమిషనర్ గారు అడిగారు, మొండయ్యా, మూడు రోజులూ ఆరింటికి వాల్వు తిప్పావా లేదా, తిప్పిన సార్, మరి నీళ్లెందుకు రాలేదు అని, బోర్డు ఎట్ల చెప్పితె అట్ల జేసిన అంటే అయిపోయేది, మేనేజర్ సారే చెప్పిండు అన్నా అయిపోయేది, అనడు, నా వైపు కూడా చూడలేదు, చూసి ఉంటే నాకు సులువయ్యేది, కోపమొచ్చేది, కమిషనర్ గారు జాబితా ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు.

నీళ్లు రాని మొదటి రోజే వచ్చాడు కదా మొండయ్య, పదిన్నరకు, హాజరు పట్టీ చుట్టూ అందరూ సంతకాలు పెడుతున్నారు, వాళ్లందరి మధ్యలోంచి తల పెట్టి, సార్, ఆరింటికి టంకి సగమే ఉంటున్నది, ఆరింటికే ఇడువాల్నా, నిండినంక ఇడువాల్నా, ఎంత సాఫు ప్రశ్న, అవునో కాదో చెబితే చాలు, నేనేమన్నాను, టంకి నిండకుంటె నీకేందయ్యా, గడియారం నిండింది గద, దానికి గడియ పెట్టెటోనివి నువ్వు గాదు, ఒక్క నిమిషం అటిటైనా పర్మనెంటయ్యేది నీ నౌకరి గాదు, నీ ఇంటికాడ కూసునుడు, ఓహో, ఏం నవ్వారు, ఫైలుమాన్ అయితే బల్ల పట్టుకుని నవ్వాడు, మొండయ్య కూడా నవ్వాడు, నవ్వాడు గనక అర్థమైందనుకున్నాను, మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు, చూశారా అలవాటు పడ్డాడు అని కమిషనర్ గారికి చెప్పుకున్నాను.

పెన్ను కాగితం మీదికి దిగుతోంది, ఆగండి సార్ అన్నాను, లేచాను, నా కుర్చీ కిర్రుమంది, ఎవరో అప్పుడే నవ్వడానికి సిద్ధంగా పళ్లు బయటపెట్టారు, మేనేజరు లేచాడంటే ఒక మాట పేలుతుంది కదా, పేలలేదు, నాకే వింతగా ఉంది, చెప్పాను, మూడు రోజులుగా పొద్దున ఆరుదాకా కరెంటు లేదు, టంకీ సగం, సగం టంకీతో గుట్ట మీదికి నీళ్లు పోవు, ఇది మొండయ్యకు తెలుసు, మొదటి రోజే వచ్చి అడిగాడు, నిండేదాకా ఆగొద్దు, బోర్డు తప్పితే నౌకరి పోతుందన్నది నేను, వీళ్లందరి ముందే అన్నాను, అతను తిప్పింది నా మాట ప్రకారం, ముందు అతను గంట చూసేవాడు కాదు, టంకీ చూసేవాడు, నేను గంట రాయించాను, టంకీ రాయించలేదు, మెమో రాస్తే నా పేరు మీద రాయండి.

బుచ్చిరాములు అందుకున్నాడు, అంటె గడియారం తప్పా మనిషి తప్పా, సాఫ్ చెప్పుండ్రి రావు సాబ్, మనిషిదే అన్నాను, నాది, యాదవ్వ బిందెలు కింద పెట్టి తలుపు దాకా వచ్చింది, ఆరింటికని మేమే అడిగితిమి గద సారూ, ఆరింటికైతె నీళ్లస్తయనుకొని అడిగినం, గంటలు తాగుతమా, కమిషనర్ గారు మూత పెట్టారు, పేరు కొట్టేయలేదు, జాబితా కవరులోకి పోయింది, మొండయ్య ఇప్పుడే తల ఎత్తాడు, మరి నువ్వు రెండో రోజైనా వచ్చి మళ్లీ ఎందుకు అడగలేదయ్యా అని కమిషనర్ గారు అడిగితే, అడుగుదామనే మెట్లదాక వచ్చిన సార్, మళ్ల నవ్వుతరని మర్లిపోయిన అన్నాడు, ఏ నిష్ఠూరం లేకుండా, కరెంటు ఎన్నింటికి పోయిందో చెప్పినట్టు చెప్పాడు, నేను కుర్చీలో కూచున్నాను, పదకొండో అవతారం నన్ను చూడటం లేదు, ఫైలుమాన్ చూడటం లేదు, నిర్మలాదేవి కాగితాలు సర్దుకుంటోంది, వీళ్లలో ఎవరైనా ఈ మధ్య నా బల్ల దగ్గరికి వచ్చి ఒక్క సందేహం అడిగారా, తిరగేసి చూస్తున్నాను, ఒక్కటీ తగలడం లేదు, పని తెలిసిపోయింది గనక అడగడం లేదనుకున్నాను, తొమ్మిది నెలలుగా వీళ్లకు నేను ఎన్నో అలవాట్లు మప్పాననుకున్నాను, మప్పింది ఒకటే, నన్ను ఏదీ అడగకపోవడం.