రెండో చరణం తర్వాతి దగ్గు

ఆ రోజు తెల్లవారేసరికే ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురిసే మబ్బు కాదు. తడిబట్టతో తుడిచిన పలక సరిగా ఆరకపోతే మరకలు మరకలుగా ఉంటుందే, అలా ఉంది. చేలో పని చేసుకోవడానికి మంచి రోజే. కానీ బావతో బస్సెక్కుతానని మాట ఇచ్చేశాను.

బావ అంటే మా అక్క మొగుడు. రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు పనిచేశాడు. ఆయన పని వినడం. అచ్చు దిగిన ప్రతి లాటులోంచి ఒక రికార్డు తీసి, మెత్త కుట్టిన తలుపుల గదిలో ఒక్కడే కూర్చుని మొదటినుంచి చివరిదాకా వినాలి. ఎక్కడ గీత పడిందో, ఎక్కడ చప్పుడు వచ్చిందో నిమిషం, సెకనుతో సహా చీటీ రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే సరుకు గేటు దాటేది కాదు. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత అక్క పోయింది. పదకొండేళ్లుగా ఆయన మా ఇంటి ముందు గదిలో ఉంటున్నాడు. నేను పెద్దగా మాట్లాడనని నన్ను మౌనీ అంటాడు. ఇద్దరికీ సరిపడా తనే మాట్లాడతాడు.

బస్సు కదలగానే పేపరు విప్పాడు. ఎక్కడో కట్టి ఏడాది కాని వంతెన కూలిందట. సిమెంటుదీ ఇసుకదీ కాదు తప్పు, సంతకం పెట్టే ముందు నిలబడి చూసినవాడు లేడు, అదీ తప్పు అన్నాడు. రెండు దేశాల యుద్ధం గురించి చదివి, ఎదుటివాడు చెప్పేది ఆఖరుదాకా వినే మనిషి ఒక్కడుంటే ఇంతవరకూ రాదన్నాడు. పాటల కంపెనీలనైతే ముందు సీటువాళ్లు తిరిగి చూసేలా కడిగేశాడు. ఇప్పుడు పాటని మడతనలగని చొక్కాలా ఇస్త్రీ చేసి ఫోనులో పెడుతున్నారట. పాడేవాడు ఊపిరి పీల్చిన చప్పుడు కూడా ఉంచరట. ఊపిరి పీల్చకుండా పాడేది శవమా అని నన్నే అడిగాడు. నేను కిటికీలోంచి కోతకొచ్చిన చేలు చూస్తున్నాను.

మా పక్కసీటులో సంచులతో ఊళ్లు తిరగబోయే జంట ఒకటి ఉంది. వాళ్లని చూసి గొంతు తగ్గించి, "ప్రయాణమంటే ఏమిట్రా మౌనీ, ఇక్కడ లేనిది అక్కడా లేదని తెలుసుకు రావడమే" అన్నాడు.

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. అంతకుముందు రెండేళ్లలో ఒకే ఒక రికార్డు కోసం నాలుగు ఊళ్లు తిరిగి, పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఉత్త చేతులతో వచ్చాడు.

అది ఒక ముసలి గాయకుడి పాట. గోడలకి పాడటం తన వల్ల కాదు, ఎదురుగా నలుగురు మనుషులు కూర్చోవాలని ఆయన పట్టుబడితే, ఫ్యాక్టరీవాళ్లు తమ ఇళ్లవాళ్లని పిలిచి హాల్లో కూర్చోబెట్టారు. అక్క వెనక వరసలో కూర్చుంది. రెండో చరణం అయ్యాక వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. సరిగ్గా అక్కడే అక్క దగ్గింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ పడవలసిన చోట పడనే పడింది. ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చి పెద్ద గొడవ చేశాడు. మూడు రోజులు పలకలేదు. "దగ్గొచ్చినా బిగబట్టుకోవాలటరా తమ్ముడూ. నేను మీ బావకి పెళ్లాన్నా, రికార్డునా?" అని అక్క నాతో చెప్పి నవ్వింది.

పాట అమ్ముడుపోలేదు. మొదటి లాటుతోనే ఆపేశారు. ఆ లాటంతా దగ్గుతోనే వెళ్లిపోయింది.

అక్క పోయాక తెలిసింది, ఆమె గొంతు ఇంకెక్కడా లేదని. ఫోటోలు మూడున్నాయి. గొంతు మాత్రం ఆ ఒక్క దగ్గే. బావ తన దగ్గరున్న రికార్డు మీద ఆ చోటే ముల్లు పెట్టేవాడు. ఎత్తేవాడు, మళ్లీ పెట్టేవాడు. నేను గోడ అవతలినుంచి వింటూ ఉండేవాణ్ణి. ఏళ్ల తరబడి అలా పెట్టిపెట్టి అక్కడ గాడి అరిగిపోయింది. మిగతా పాటంతా బాగానే ఉంది. అక్క ఉన్నచోట మాత్రం గరగర తప్ప ఏమీ లేదు.

మొదట పాటలు పట్టిన ఫ్యాక్టరీ టేపులన్నీ ఎవరో కొని కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారని ఆ నెలలోనే తెలిసింది. మేం వెళ్తున్నది అక్కడికి.

అదొక పాత చెప్పుల గోదాము. గోడకి ఇంకా చెప్పుల సైజుల పట్టీ ఉంది. ఇనప బీరువాల నిండా డబ్బాలు. మూలన రొట్టెలు కాల్చే పొయ్యిలాంటి పెట్టె. పాత టేపులు అంటుకుపోతాయని అందులో వెచ్చబెడతారట. చెవులకి పెట్టుకునేవి మెడలో వేసుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. అక్కడ పనంతా ఆమెదే. బావ పాట పేరు చెప్పగానే ముఖం వెలిగింది. కిందటి వారమే పూర్తి చేశానంది. కుర్చీలు వేసి, పాట పెట్టింది.

ముసలాయన గొంతు పక్కనే కూర్చుని పాడినట్టుంది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. బావ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. వాద్యాలు ఆగాయి.

ఆ చోటు కలుపు తీసిన మడిలా శుభ్రంగా ఉంది. వెంటనే పాట మూడో చరణం అందుకుంది.

"ఇక్కడ ఒక దగ్గు ఉండాలమ్మా" అన్నాడు బావ.

"ఉండేదండీ. తీసేశాను. భలే గుర్తుపట్టారే!"

బావ లేచి నిలబడ్డాడు. బస్సులో అన్నవన్నీ మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకా గట్టిగా. ఇస్త్రీ చొక్కా, శవం, వినడం చేతకాని కంపెనీలు. ఆ పిల్ల నొచ్చుకోలేదు. అసలు టేపు ఇమ్మన్నాడు. వెచ్చబెట్టాక ఒక్కసారే తిరుగుతుందనీ, తర్వాత పొడిగా రాలిపోతుందనీ, పారేశామనీ చెప్పింది. దిద్దకముందు ఎక్కించింది కూడా చోటు చాలక మొన్ననే చెరిపేశారట.

"ఎవరు తీయమన్నారు నిన్ను?" అన్నాడు బావ.

"మీ పాతవాళ్లేనండీ" అని ఆమె బీరువాలోంచి ఖాళీ డబ్బా తెచ్చి మూత తీసింది. మూత లోపల చీటీ అంటించి ఉంది. ఎర్ర పెన్సిలు.

రెండో చరణం తర్వాత, 3 ని. 17 సె. ఆడమనిషి దగ్గు. మళ్లీ అచ్చుకి వెళ్లేముందు తప్పక తీసెయ్యాలి.

'తప్పక' కింద రెండు గీతలు. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత. ఒకటనుకుంటారని బావ ఏడుకి ఎప్పుడూ అలాగే గీత పెడతాడు. మా ఇంట్లో క్యాలెండరు మీదా అంతే.

కళ్లజోడు పెట్టుకోకుండానే చూశాడాయన. వేలు పెట్టి ఆ గీతని తడిమాడు.

"ఈయన చీటీ ఉన్న డబ్బాలైతే నాకు సగం పని తగ్గుతుందండీ. ఎంత గట్టి చెవో! మీకు తెలుసా ఈయన?"

"తెలుసు" అన్నాడు బావ. "నీ తప్పేం లేదమ్మా. చెప్పినట్టే చేశావు" అన్నాడు.

చీటీ ఆయనదేనని నేను చెప్పొచ్చు. చెప్పలేదు. డబ్బాకి మూత తనే పెట్టాడు, నాలుగు మూలలా ఒత్తి.

మధ్యాహ్నం దాటింది. ఇక్కడే తినండని ఆ పిల్ల బల్ల మీది తీగలు పక్కకి జరిపింది. మా ఆవిడ కట్టిచ్చిన క్యారేజీ విప్పాను. అన్నం, కూర, పెరుగు. ఆమె కూడా తన డబ్బా తెరిచింది. ముగ్గురం తింటున్నాం. మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. మెతుకు నమిలిన చప్పుడు కూడా తెలుస్తోంది.

ఆ గదిలో పాత టేపుల దుమ్ము. నాకు గొంతులో గరగరలాడి దగ్గు తన్నుకొచ్చింది. బిగబట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ నావైపు చూడకుండానే మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు.