ఊపిరికి ఎన్ని మార్కులు?

నేను ఒక ఊపిరి కొలిచే యంత్రాన్ని. ఎక్కడో మంచు కురిసే దేశంలో పుట్టాను. నన్ను తయారుచేసినవాళ్లు పని పూర్తికాగానే అట్టపెట్టెలో పెట్టి గుంటూరుకు పంపేశారు. ఇక్కడి మిరపకాయల గాలి తగలగానే, ముక్కు లేకపోయినా నాకు తుమ్ము వచ్చినట్టయింది.

ఒక పిల్లల ఆసుపత్రిలో, ఆయాసం వదలని పిల్లల కోసం నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. పిల్లలు నా గొట్టంలోకి నెమ్మదిగా, ఒకే తీరున ఊదాలి. ఊపిరి నిలకడగా ఉంటే నా తెర మీద గాలిపటం నిలకడగా ఎగురుతుంది. ఆ ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఎంత ఉందో పట్టి అంకె చూపిస్తాను. అంకె పెద్దదైతే ఊపిరి గొట్టాలు లోపల వాచి ఉన్నాయని, చిన్నదైతే వాపు తగ్గిందని అర్థం. మొదట్లో తాగి బండి నడిపేవాళ్లను పట్టే యంత్రమని నన్ను పొరబడి కొందరు తండ్రులు వరండాలోనే ఆగిపోయేవారు. నాకు అవమానంగా ఉండేది.

అసలు తంటా అంకెతో వచ్చింది. అంకె కనిపిస్తే చాలు, ఇక్కడి తల్లిదండ్రులు దాన్ని మార్కులనుకుంటారు.

"మీవాడికెంత?"

"నలభై అండీ. మీ పాపకి?"

"పన్నెండే. ఇంటికాడ చెప్పినా వినదు, సరిగ్గా ఊదదు."

పన్నెండు వచ్చిన పిల్ల తల దించుకునేది. యాభై దాటినవాడు ఆయాసపడుతూనే కాలరెగరేసేవాడు.

వాళ్లందరిలోకీ కోటిలింగం తీరే వేరు. ఆయనది ఫ్లెక్సీల దుకాణం. ఏటా పరీక్షల ఫలితాలు రాగానే కాలేజీల కోసం ఊరి పిల్లల మొహాలన్నీ అచ్చువేసి వీధుల్లో కట్టేవాడు. సొంత కూతురు జోషిత మాత్రం ఆయాసంతో సగం రోజులు బడికే వెళ్లలేకపోయేది. అలాంటి పిల్ల మొదటిసారి ఊదగానే నేను యాభై ఎనిమిది చూపించాను. ఆయన కళ్లు చెమర్చాయి. డాక్టర్ షహనాజ్ వాపు గురించి, రోజూ పీల్చాల్సిన మందు గురించి చెబుతూనే ఉంది. ఆయన చెవికి ఏదీ ఎక్కలేదు.

మందు పీల్చాక రెండోసారి వచ్చినప్పుడు అంకె ముప్పై ఒకటికి దిగింది. పిల్ల హాయిగా ఊదింది. నేను సంబరపడ్డాను. కోటిలింగం మొహం మాత్రం మాడిపోయింది. ఇంటికెళ్లి ఆ మందును బీరువాలో పెట్టి తాళం వేశాడట.

మూడోసారి మైసూర్‌పాక్ పెట్టెతో వచ్చాడు. జోషిత రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటోంది, డొక్కలు ఎగిరిపడుతున్నాయి. నా తెర మీద గాలిపటం కూలిపోయి, కూలిపోయి, చివరికి ఎలాగో నిలబడింది. డెబ్బై నాలుగు. ఆ అంకెను దాచేయాలనిపించింది. పిల్ల ఏమైపోతుందోనని నాకు భయమేసింది. కోటిలింగం అప్పటికే వరండాలో మిఠాయి పంచుతున్నాడు.

"మా పిల్లకి డెబ్బై నాలుగండీ. ఫస్ట్ క్లాసే. తీసుకోండి."

డాక్టరమ్మ పరుగున వచ్చి పిల్ల మొహానికి మందు ఆవిరి మాస్కు పెట్టింది. జోషిత కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ కోటిలింగాన్ని లోపలికి పిలిచింది.

"మందు ఆపేశారా?"

"ఆపక ఏం జెయ్యమంటారు మేడం? అది పీలిస్తే మార్కులు పడిపోతన్నయ్యి గదా."

డాక్టరమ్మ మళ్లీ వాపు సంగతి చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపి, మిఠాయి తీసుకోమన్నాడు. ఆమె కాసేపు ఆయన వంక, పిల్ల వంక చూసింది.

"కోటిలింగం గారూ, ఇవి మార్కులు కావు. ర్యాంకు."

ఆయన చేతిలో పెట్టె వంగిపోయింది. "అంటే... మా పిల్లది డెబ్బై నాలుగో ర్యాంకా?"

"అవును. మొన్న ముప్పై ఒకటి. మీరే వెనక్కి లాగారు."

"పిల్ల దానంతటది పైకొస్తంటే, నేనే గొంతు నొక్కానా మేడం?" అని బెంచీ మీద కూలబడి ఏడ్చాడు. కాసేపటికి మొహం తుడుచుకుని అడిగాడు. "దీనికి కోచింగ్ ఎక్కడిస్తారు?"

"ఆ పీల్చే మందే కోచింగ్. పొద్దున, సాయంత్రం. ఒక్క పూట మానకూడదు."

ర్యాంకు మాట పాకి, ఆ సాయంత్రానికే వరండా తలకిందులైంది. పన్నెండు వచ్చిన పిల్ల తల ఎత్తింది. మేనేజ్‌మెంట్ కోటా ఉందా అని అడిగి ఒకాయన చీవాట్లు తిన్నాడు. జోషిత మాత్రం వచ్చినప్పుడల్లా అంకె దించుకుంటూ పదకొండు దాకా వచ్చింది. పదకొండు వచ్చిన మర్నాడు ఆసుపత్రి గేటుకు నిలువెత్తు ఫ్లెక్సీ వేలాడింది. "శ్వాస పరీక్షలో 11వ ర్యాంకు సాధించిన చి. జోషితకు శుభాకాంక్షలు." కింద మూల కోటిలింగం చేతులు జోడించి ఉన్నాడు. డాక్టరమ్మ నవ్వాపుకోలేక దాన్ని విప్పించి లోపల పెట్టించింది.

నాలాంటివాటి ఆయుష్షు పుట్టినప్పుడే రాసిపెడతారు. నాదీ తీరిపోయింది. నా బల్ల మీదికి కొత్త యంత్రం వచ్చింది. నన్ను స్టోరు గదిలో పెట్టి, దుమ్ము పడకుండా ఆ ఫ్లెక్సీయే కప్పారు. జోషిత మొహం కింద వెచ్చగానే ఉన్నాను.

మొన్న జోషిత వరండాలోంచి స్టోరు గదిలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఫ్లెక్సీ ఎత్తి, నన్ను గుర్తుపట్టి, నా మీద మిగిలిన దుమ్మును ఒక్క ఊపిరితో ఊదేసింది. పాత అలవాటు కొద్దీ అంకె చూపించబోయాను. నాలో ఏమీ వెలగలేదు.

వెనకే వచ్చిన కోటిలింగం అడిగాడు. "ఎంతొచ్చిందమ్మా?"

"ఏం రాలేదు నాన్నా."

"సున్నానా? అంటే ఫస్టు ర్యాంకు కన్నా ముందన్నమాట," అంటూ ఆయన ఫోను తీసి కూతురికి ఫొటో తీశాడు.

నాకు త్వరలో కొత్త దుప్పటి వస్తుంది.