తువ్వాలు వేసిన వంపు

ఫ్రెంచి దేశంలోని దొర్దోన్ నదికి ఉన్న వంపులన్నిట్లోకీ అందమైన వంపు ఆదివారం మధ్యాహ్నం, భోజనాలవేళ, బయల్దేరి వెళ్ళిపోతోంది. అందులో పెద్దిరాజు భార్య వరహాలు కూర్చుని ఉంది.

చప్పుడేమీ లేదు. ముందు ఒడ్డున గడ్డి లేచి నిలబడుతుంది. తర్వాత తెల్లరాతి కొండ పంచె సర్దుకుంటున్నట్టు కాస్త పక్కకి జరుగుతుంది. ఆ మీదట వంపు మొత్తం, బాతులతో సహా, కట్టేసిన పడవతో సహా నేలమీంచి ఊడి, మెల్లిగా పడమటి దారి పడుతుంది. అది పోయినచోట నీళ్ళు ఇస్త్రీ చేసిన చీరంచులా తిన్నగా పడి ఉన్నాయి.

చేతిలో పొడుగు రొట్టెతో సైకిలు దిగుతున్న పెద్దిరాజు ఇదంతా చూస్తాడు. చూసి, ముందు మెచ్చుకుంటాడు. అంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని ఎంత నాజూగ్గా కదిలిందో అనుకుంటాడు. ఆ తర్వాతగానీ పెళ్ళాం సంగతి తట్టదు.

పెద్దిరాజుది యానాం. ఫ్రెంచి పటాలంలో వంటవాడిగా చేరి, గరిటె తిప్పుతూ తిప్పుతూనే రిటైరై, ఈ నది పక్క చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడు. గోదావరి లేనిచోట ఉండనని వరహాలు భీష్మించుకుంటే, ఆ దేశంలో ఆయనకి చేతికందిన నది ఇదే. గోదావరి పక్కన నిలబెడితే పిల్లకాలవ, అయినా అణకువ గల పిల్ల అని వరహాలు ఒప్పుకుంది.

పొద్దున ఇద్దరూ ఒకే సైకిలు మీద బయల్దేరారు. ఆయన తొక్కాడు. ఆవిడ వెనక క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చుని, ఒక చేత్తో ఆయన నడుమూ ఒక చేత్తో ఆవకాయ సీసా పట్టుకుంది. ఆ దేశంలో సైకిళ్ళ వాళ్ళు పసుపూ నలుపూ బిగుతు బట్టలేసుకుని, కందిరీగల్లా ఎవరికి వారే పోతారు. వెనక పెళ్ళాన్ని ఎక్కించుకున్నవాణ్ణి చూసి వాళ్ళు బ్రేకు వేసి టోపీలు తీశారు. పెద్దిరాజు మీసం సవరించుకున్నాడు.

ఆ రోడ్డు మాట చెప్పుకోవాలి. లారీలూ హడావుడీ అన్నీ కొండవతల పెద్ద రోడ్డువి. ఇది నదిని ఒరుసుకుంటూ పోయే చిన్న రోడ్డు. అక్రోటు తోటల్లో ఎటు నీడ ఉంటే అటే మలుపు తిరుగుతుంది. ఎత్తు వస్తే, తొక్కేవాడి రొప్పు విని తనే కాస్త వంగుతుంది. పల్లం వస్తే, వెనక ఆడమనిషి సరిగ్గా కూర్చుందో లేదో చూసుకునిగానీ జారదు. కారనేది ఎప్పుడో ఒకటి వస్తుంది. అదీ ఇంజను ఆపుకుని, మునివేళ్ళ మీద నడిచి పోతుంది. కొండల మీది పాత కోటలు ఒక్కొక్కటే దిగివచ్చి, నదిలో మూతిపెట్టి నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కి కూర్చుంటాయి. తోసుకోవు, వరస తప్పవు.

మనవైపు అయితే ఈపాటికి రెండు కోటలు జుట్టూ జుట్టూ పట్టుకునేవి అంది వరహాలు.

ఆ రోడ్డు మీదే వాళ్ళకి ఆ వంపు కనబడింది. తెల్లకొండ చుట్టూ నది చెయ్యివేసి, చంకనెత్తుకోబోయే తల్లిలా నడుం వంచి ఉంది. నీళ్ళు పచ్చగా, లోపల గులకరాళ్ళు కనబడేంత తేటగా ఉన్నాయి. ఒడ్డున పాప్లర్ చెట్లు ఒకే ఎత్తున, గాలి వస్తే ఒకటే మాట అంటూ ఉన్నాయి. పెద్దిరాజు గబగబా అటూ ఇటూ చూశాడు. అంత మంచి చోటు ఖాళీగా ఉందంటే, ఎక్కడో ఎవడో దానికోసం పరుగెత్తుకొస్తూ ఉంటాడని ఆయన నమ్మకం. కాకినాడ బస్టాండులో అబ్బిన నమ్మకం అది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీ కమ్మీల్లోంచి తువ్వాలు విసిరి సీటు కాయడంలో యానాం మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడు. విసిరితే ముడత లేకుండా పరుచుకునేది.

అలాగే విసిరాడు. ఎర్రంచు తువ్వాలు వంపు మధ్యలో, గడ్డి మీద, ముడత లేకుండా పరుచుకుంది.

"ఇక్కడెవరొస్తారండీ, పురుగూ పుట్రా తప్ప?" అంది వరహాలు.

"అవి మాత్రం కూర్చోవటే?" అన్నాడు పెద్దిరాజు.

ఒట్టి తువ్వాలుని నమ్మలేం, మీద మనిషి ఉండాలి అని ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆవకాయలోకి రొట్టె కొనుక్కొస్తానని ఊళ్ళోకి తొక్కాడు. మధ్యాహ్నం అయిందంటే ఆ దేశంలో దుకాణాల వాళ్ళు దేవుడొచ్చి తట్టినా తలుపు తీయరు. ఆలోపే రొట్టె దొరికింది. తిరిగొచ్చేసరికి ఇదిగో, వంపు పోతోంది.

రోడ్డు పక్క గుమ్మంలో ఒక ముసలావిడ అక్రోట్లు కొడుతూ ఉంది. పేరు మదామ్ ఓదెత్. బోంజూర్ అని పలకరించకుండా అడిగితే, ఆ దేశంలో ఇల్లంటుకున్నా నీళ్ళెక్కడున్నాయో చెప్పరు. అందుకని పెద్దిరాజు ముందు బోంజూర్ అంటాడు. ఆవిడా అంటుంది. ఎండ గురించి ఇద్దరూ చెరో మాట అనుకుంటారు. అప్పుడు అడుగుతాడు.

"మీరు సీటు వేశారుగా," అంటుంది ఆవిడ. "సీటు వేసి, మనిషి ఎక్కాక, ఇంక ఎవరికోసం ఆగాలి అది?"

పెద్దిరాజుకి ఆ మాటలో తప్పు కనబడదు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కాక బండి కదలాలి. న్యాయమే.

ఎందాకా పోతుందని అడుగుతాడు. సముద్రం దాకా అంటుంది ఆవిడ. సముద్రం దగ్గర వంపుల్ని ఉండనివ్వరట. రెండు కొసలూ పట్టుకుని తిన్నగా లాగేస్తారట, లోపలున్న మనుషులతో సహా. ఆవిడ మొగుడు అలాగే పై వంపులో స్టూలు వేసుకుని, చేపలు పడుతూ కునుకు తీశాడు. ఇప్పుడు నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీతగా ఉన్నాడు.

"చూడ్డానికి వెళ్తుంటాను," అంటుంది ఓదెత్. "ఆరోగ్యంగానే ఉన్నాడు. ఎటూ తిరగడు, అంతే."

పెద్దిరాజు రొట్టె చంకలో ఇరికించుకుని వంపు పోయిన వైపు చూస్తాడు. వరహాలు ఏనాడూ తిన్నగా ఉన్న మనిషి కాదు. మాట తిప్పుతుంది, మూతి తిప్పుతుంది, అలిగితే పెరటిగుమ్మం వైపు తిరిగి కూర్చుంటుంది, అలక తీరితే ఒక కంటితో ఇటు తిరుగుతుంది. ఆ తిరగడాలన్నీ లాగేస్తే ఆవిడలో మిగిలేది ఏముంది?

పెద్ద రోడ్డెక్కకండి, అది తొందరగా పోతుందిగానీ ఎక్కడికీ చేరదు అని చెబుతుంది ఓదెత్. ఈ చిన్న రోడ్డు మీదే వెళ్ళాలట. కాకపోతే అది భోంచేసి ఇప్పుడే నడుం వాల్చింది. నిద్ర చెడితే చాపలా చుట్టుకుపోతుంది, మళ్ళీ చల్లబడేదాకా పరుచుకోదు.

పెద్దిరాజు చెప్పులు విప్పి హ్యాండిలుకి తగిలిస్తాడు. బెల్లుకి రొట్టె కాగితం చుడతాడు. అన్నిటికంటే కష్టం నోరు కట్టుకోవడం. ఆయన నోరు మూసుకుని వీధి చివరిదాకా నడిచిన దాఖలా యానాంలో లేదు.

రోడ్డు చక్రాల కింద మెల్లిగా పొంగి దిగుతూ ఊపిరి తీస్తుంది. నిద్రలో పక్కకి ఒత్తిగిలితే పెద్దిరాజు కూడా దాంతోపాటే ఒరుగుతాడు. ఆయన గట్టిగా తొక్కితే ఊళ్ళు దూరం జరుగుతాయి, నెమ్మదిగా తొక్కితే ఎదురొస్తాయి. ఒక ఊళ్ళో కిటికీలోంచి ఒక చెయ్యి కర్బూజా ముక్క అందిస్తుంది, మాట లేదు. ఇంకో ఊళ్ళో రాతి వంతెన, పాపం పెద్దాయన ఎక్కలేడని, ఏనుగులా మోకాళ్ళు వంచి కూర్చుంటుంది. చెర్రీ తోటలు ఆయన పోతుంటే కొమ్మలు పైకెత్తి పట్టుకుంటాయి. ఇంత మర్యాద గల రోడ్డు భూమ్మీద ఇంకోటి లేదనుకుంటాడు పెద్దిరాజు. దాని అందం చూస్తూ ఒకసారి తొక్కడమే మరిచిపోయి, ఉలిక్కిపడి, తనని తానే గిల్లుకుంటాడు.

కొండ మెడ సన్నబడ్డచోట, అవతల వంపు పోతూ కనబడుతుంది. కిటికీ పక్క సీటు దొరికినదానిలా వరహాలు దర్జాగా కూర్చుని ఉంది. అయితే నుదుటి మీది ఉంగరాల జుట్టు అప్పుడే తిన్నగా దిగిపోయింది. చీర కుచ్చిళ్ళు గీతలు గీసినట్టున్నాయి.

"రొట్టె దొరికిందా?" అంటుంది. కొండవతలి మాట చెవి పక్క మాటంత మెల్లిగా వినబడుతుంది. ఆ గొంతులో దీర్ఘం లేదు, ఎత్తిపొడుపు లేదు.  నోరు తెరిస్తే రోడ్డు లేస్తుందని పెద్దిరాజు రొట్టె ఎత్తి చూపిస్తాడు. ఆవిడ అలగదు, నవ్వదు. తిన్నగా చూస్తూ పోతుంది.

ఉప్పుగాలి తగులుతోంది. దూరంగా సముద్రపు పక్షులు వంపు రెండు కొసలకీ వేలాడుతున్న దారాలు ముక్కులతో అందుకుంటున్నాయి.

అప్పుడు చూస్తాడు పెద్దిరాజు, రోడ్డు పక్కనే నది నడుస్తోంది. వంపు పోయింది కాబట్టి ఆగి ఊపిరి పీల్చుకునే చోటు లేదు. నెత్తిన చేపల మూట, కాళ్ళకి చెప్పుల్లేవు, జుట్టు విరబోసుకుని, ఎటూ తిరగకుండా సముద్రం వైపు పోతోంది. తను తువ్వాలు వేసిన చోటు ఖాళీ కాదని పెద్దిరాజుకి అప్పుడు అర్థమవుతుంది. అక్కడ కూర్చునే ఆడకూతురు నీళ్ళు పట్టుకోవడానికి కాస్త పక్కకి వెళ్ళినట్టుంది, అంతే.

సైకిలు దిగుతాడు. రోడ్డు లేవకుండా మోకాళ్ళ మీద వంగి, నీళ్ళకి నోరు ఆనించి చెబుతాడు.

"అమ్మా, మా ఆవిడ పక్కన నా సీటుంది. నువ్వు కూర్చో."

నది ఆగుతుంది. "మరి మీరో?"

"నేను నిలబడతానమ్మా. యానాం బస్సులో ఏనాడూ నేను కూర్చోలేదు. తువ్వాలు విసిరింది ఎప్పుడూ ఆవిడకే."

నది మూట సర్దుకుంటుంది. కొంగు నడుముకి దోపి, కొండ మెడ మీంచి ఒక్క అంగలో దాటి, వంపులోకి ఎక్కి, వరహాలు పక్కన కూలబడుతుంది. అంత బరువు ఒక్కసారి పడేసరికి వంపు కిర్రుమని కుంగి, ఇసుకలో దిగబడి, సముద్రానికి ఇవతలే ఆగిపోతుంది. పక్షుల నోట్లో దారాలు జారిపోతాయి.

వరహాలు నుదుటి మీద ఒక ఉంగరం చుట్టుకుంటుంది. తర్వాత రెండోది. ఆవిడ మూతి మూడు వంకలు తిప్పి, పెరటిగుమ్మం లేకపోయినా అటువైపే తిరిగి కూర్చుంటుంది.

"ఇంతసేపా అండీ ఒక రొట్టెకి?" అంటుంది, చివర్న చక్కగా దీర్ఘం తీసి.

పెద్దిరాజు కళ్ళు తుడుచుకుని, సైకిలుతో సహా ఎక్కుతాడు. వంపు వెనక్కి మళ్ళి ఎగువ దారి పడుతుంది. ఆయన పాప్లర్ చెట్టు పట్టుకుని నిలబడతాడు. నిలబడితే రెండు వైపులా కనబడుతున్నాయి కొండా, తోటలూ, ఆరేసిన చీరలా రోడ్డూ. దారిలో చేపలు ఎవరి ఊరు వచ్చినప్పుడు వాళ్ళు, సంచులు సర్దుకుని, కాస్త జరగమని అడిగి దిగిపోతాయి.

నది అలసిపోయి వరహాలు భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. దాని జుట్టు లోయ పొడుగునా తడిగా చిక్కుపడి ఉంది. ఆడపిల్ల జుట్టు అలా విరబోసుకుని ఉంటే వరహాలు చూస్తూ ఊరుకునే మనిషి కాదు. నడిమికి పాపిడి తీస్తుంది, ఆ పాపిట్లోంచి ఒక పడవ పోతుంది. మూడు పాయలు చేసి, బిగించి జడ అల్లుతుంది.

"రిబ్బనేదండీ?" అంటుంది.

పెద్దిరాజు వంగి, సైకిలు ముందు చక్రానికి అంటుకుని వచ్చిన రోడ్డు కొస మెల్లిగా పైకి తీస్తాడు. అది ఇంకా నిద్రలోనే ఉంది, తోటల నీడల్లోంచి బరువు లేకుండా జారి వస్తుంది. ఆవిడ చేతికిస్తాడు. ఆవిడ జడ చివర పువ్వులా ముడివేస్తుంది. ముడి పడినచోట ఒక ఊరు నిద్రలేచి, కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. ప్రతి కిటికీలోంచీ ఒక చెయ్యి బయటికి వచ్చి, వాన పడుతోందా అని చూసుకుంటుంది. వరహాలు వేళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి.