తెర మీద పాట

హుజూరాబాద్ చర్చిలో గంట కొట్టేశారు. తెర మీద పాట పేజీలు తిప్పడానికి కొన్న కొత్త రిమోట్‌ను ప్రిసిల్లా వాడే లినక్స్ ల్యాప్‌టాప్ ఆటలాడే జాయ్‌స్టిక్ అనుకుంటోంది. ఎన్నిసార్లు నొక్కినా పేజీ కదలదు. అది కీబోర్డేనని ల్యాప్‌టాప్‌కు చెప్పే రూలు గబగబా రాసింది. అయినా ఆ మాయదారిది కదల్లేదు.

“ఏందే, గంత పరేషాన్ అయితున్నవ్?” పక్కనున్న అమ్మమ్మ రిబ్కమ్మ అడిగింది.

“తెర మీద పాట రాకుంటే అందరు ఎట్ల పాడుతరు అమ్మమ్మా?”

తల పట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది, రూలు రాశాక ల్యాప్‌టాప్‌కు గుచ్చిన రిమోట్ రిసీవర్‌ను పీకి మళ్లీ పెట్టాలని. పెట్టింది. నొక్కింది. పేజీ తిరిగింది. హమ్మయ్య అనుకుని తలెత్తింది.

అమ్మమ్మతో సహా చర్చి అంతా కళ్లు మూసుకుని ఆఖరి చరణం పాడుతోంది.