అరవై నాలుగో పుర్రె

2004 నవంబరు 18, గురువారం పగలు పదకొండున్నరకు, చర్లలో షాలేమ్‌రాజు ఉండే కిరాయి గదిలో, కిరోసిన్ స్టవ్ మీద ఒక ఎలుక పుర్రె విడిపోయింది.

షాలేమ్‌రాజు జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. పోడు చేలల్లో దొరికిన ఎలుకల పుర్రెలు కొలిచి ఏది ఏ జాతిదో తేల్చడం అతని పని. బొచ్చు చూస్తే తేడా తెలియదు, ఎముక చూడాలి. ఏడు నెలల్లో అరవై మూడు కొలిచాడు. అరవై రెండు తెలిసిన జాతులవే. మిగిలిన దాని ముందుపళ్ల మీద గాడి ఉంది. చెవి కింద ఉండే బుడగలాంటి ఎముక మాత్రం, గాడిపళ్ల జాతులకు పుస్తకంలో రాసిన కొలతలో సగమే ఉంది.

"ఒక్కటైతే ఆ ఎలుక అవకరం అంటరు. అసుంటిదే ఇంకోటి తే" అన్నాడు వరంగల్‌లో ఉండే గైడ్ రామ్‌చందర్.

ఎలుకలు పట్టేది లాలు. కలుగులోంచి రాగానే కర్రతో తల మీద కొడతాడు. కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

"కొట్టకుంటే కరుస్తది సార్. నీ పుర్రె కోసం నా వేలు ఇయ్యాల్నా?"

గురువారం పొద్దున టిఫిన్ డబ్బాలో ప్రాణంతో తెచ్చాడు. వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"తీస్కో సార్. ఎలుక కరిచె, ఇంట్ల నా పెండ్లాం గోరి తిట్టె. ఇగ సూది ఏపిచ్చుకోవాలె" అని దవాఖానాకు పోయాడు.

పళ్ల మీద గాడి ఉంది. షాలేమ్‌రాజు ఎలుకను చంపి, తల తోలు ఒలిచి, కండ ఊడడానికి నీళ్లలో వేసి స్టవ్ మీద పెట్టాడు. పది నిమిషాలు చాలు. గదిలో ఇంకెవరూ లేరు. ఎస్టీడీ బూత్‌కు నడిచాడు.

రామ్‌చందర్‌కు విషయం చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత వాన గురించి చెప్పాడు. బస్సు గురించి, తను వండుకునే పప్పు గురించి చెప్పాడు.

"ఇంకేంది రాజూ?"

"ఏం లేదు సార్" అన్నాడు కానీ ఫోన్ పెట్టలేదు. చర్చికి పోతున్నానని, అక్కడ అందరూ కోయ భాషలో మాట్లాడుకుంటారని చెప్పాడు. బూత్ మీటరు ఇరవై ఆరు నిమిషాలు చూపించింది.

తిరిగొచ్చేసరికి గిన్నెలో నీళ్లు లేవు. కుర్ర ఎలుక, ఎముకల అతుకులు ఇంకా గట్టిపడలేదు. చెవి ఎముకలు రెండూ మాడి పగిలాయి.

సాయంత్రం లాలు వచ్చాడు.

"గదేనా సార్, నువ్వు అడిగింది?"

"అవ్. ఇంకోటి దొరుకుతదా?"

"ఆ కలుగు మొత్తం తవ్విన సార్. అండ్ల గదొక్కటే ఉండె."

నోట్‌బుక్‌లో అరవై నాలుగు అంకె పక్కన షాలేమ్‌రాజు రాసింది ఇది: గాడి ఉంది. చెవి ఎముక కొలత లేదు.

మరుసటి మార్చిలో అతను సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో అరవై రెండు పుర్రెలకే జాతి పేర్లున్నాయి.