కొండచిందుగకు కట్టిన కంచె

కొండచిందుగ చెట్టు మొదట్లో నా పెళ్లాం ఓబులమ్మ కూర్చుని ఉంది, పోయి రెండేళ్లయిన మనిషి, ఒళ్లో ఎండుకాయలు పోసుకుని చిక్కుళ్లు ఒలిచినట్టు ఒలుస్తోంది, చుట్టూ నేను కట్టిన ముళ్లకంచె ఉంది గాని అది కట్టినచోట నిలవడం లేదు, ఒకసారి కొండ అంచున, ఒకసారి మా గడప ముందు కనబడుతోంది, ఎటు నడిచినా నేను బయటే ఉంటున్నాను.

"మొన్నటి గాలికి ఈ చెట్టు కూలిపోయింది గదమే," అంటాను.

ఆమె ఒలుస్తూనే ఉంటుంది. కొండ మొత్తానికీ మిగిలింది ఈ ఒక్క చెట్టే. పన్నెండేళ్లు దీనికి కావలి కాశాను. ఆ గింజ మేక కడుపులో పడి వస్తేనే మొలుస్తుందని ఆమె చెబితే పదిమందిలో నవ్వాను. కంచె సందులో చెయ్యి పెట్టి కాయలు తీసి, కొట్టంలో మేకలకు వేస్తోందని తెలిసిన రోజే మేకలన్నిటినీ సంతలో అమ్మేశాను. ఆ తర్వాత ఏడాది బతికింది. నాతో మాట్లాడలేదు. కంచెలోపల ఒక్క మొక్కా లేవలేదు.

తల ఎత్తితే చెట్టుకు కొస దొరకడం లేదు, తెల్లటి కుచ్చుల పూత మబ్బుల్లోకి పోతోంది, అమ్మేసిన మేకలన్నీ కొమ్మల మీద నడుస్తూ కాయలు తింటున్నాయి, ఒక్కటీ జారడం లేదు, వాటి గిట్టల కింద నేను పుట్టకముందటి అడవి పరుచుకుని ఉంది, అడవి నిండా ఈ చెట్లే. ఎవరి ముందూ వంచని నా మెడ దానంతట అదే వంగుతోంది.

"కంచె గట్టిగా కట్టినావు మామా," అంటుంది ఓబులమ్మ. "సావు ఒక్కటే దూరింది."

"ఇంకోసారి చెప్పింటే ఇనేవాణ్ణి."

"తొమ్మిదేండ్లు చెప్తి. ఇంటివా?"

"ఏడాది పాటు నోరు మూసుకుని పోయినావు. అది నేను మర్సిపోను."

"మర్సిపోవద్దు. నేనూ మర్సిపోలే."

అంతలో వెలుగు తగ్గుతుంది, పైనుంచి కిందిదాకా ఆకులన్నీ జంటలు జంటలుగా, అరచేతులు కలిపినట్టు మూసుకుంటాయి, అంత పెద్ద చెట్టు ఒక్క చప్పుడు లేకుండా నిద్రపోతుంది. కంచె ఎటుపోయిందో, నేను ఆమె పక్కనే ఉన్నాను.

"అరవొద్దు, లేస్తాది," అంటుంది, ఒలిచిన గింజలు నా దోసిట్లో పోస్తూ. "కొట్టం ఎప్పుడన్నా ఊడిస్తివా?"

ఊడవలేదు. మూడేళ్లుగా అటు తొంగిచూడలేదు.

మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది, వాన వెలిసింది. కప్పు కూలిన కొట్టంలోకి పోయాను. మేకలను కట్టే గుంజ పక్కన, నానిన పాతపెంటలోంచి వేలెడు మొక్క లేచి ఉంది. ఆ ఆకు నాకు తెలుసు. ఇంకా మూసుకునే ఉంది.

అది విచ్చుకునేదాకా చప్పుడు చేయకుండా పక్కన కూర్చున్నాను.